మా చర్చిలో నల్ల రాజు ఆడపిల్లే

మొన్న శనివారం సండే స్కూలు టీచరు మార్తా రెండు బస్సులు మారి తాకేటా పేటలో మా ఇంటికి వచ్చింది. మాది మూడో అంతస్తు, నలభై రెండు మెట్లు. కరెంటు లేదు. గ్లాసుడు మంచినీళ్ళు గడగడా తాగి, క్రిస్మస్ నాటకంలో నల్ల రాజు వేషానికి ఈ ఏడు ఏడుగురు ఆడపిల్లలు పేర్లిచ్చారనీ, ఏడుపులు మొదలయ్యాయనీ, చీటీలు వేసి తేల్చడానికి నన్ను రమ్మంటున్నారనీ చెప్పింది. చీటీలు వెయ్యాలన్నా, తలకాయలు లెక్కపెట్టాలన్నా మా చర్చిలో నన్నే పిలుస్తారు. డెబ్భై నాలుగేళ్ళు వచ్చినా లెక్క తప్పితే నాకు అన్నం సహించదు. వస్తానన్నాను. "మగపిల్లలు ఎవరూ అడగలేదా?" అని కూడా అడిగాను. మార్తా నన్ను వింతగా చూసింది. ఇక్కడ పెద్దావిడల పేరు ముందు గౌరవానికి 'డా' అని కలుపుతారు, అదీ అలాగే పిలుస్తుంది. "మగపిల్లలెలా వేస్తారు డా కరుణా? మన చర్చిలో నల్ల రాజు ఆడపిల్లే కదా. ఎప్పట్నించో అంతే. బైబిల్లో ఏ వాక్యంలో ఉందో అని వెతికాను గానీ దొరకలేదు. పాస్టరు అయ్యగారిని అడిగితే మిమ్మల్ని అడగమన్నారు."

వంటింట్లోంచి ఎస్తేరు పకపకా నవ్వింది. నేనూ ఎస్తేరూ ఈ ఇంట్లో నలభై ఆరేళ్ళుగా ఉంటున్నాం. "చెప్పు చెప్పు, ఏ వాక్యంలో ఉందో చెప్పు" అంటూ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెప్పడానికి చాలా సేపు పట్టింది. మార్తా ఆఖరి బస్సు పోతుందని లేచాక, మిగిలినది రాసి పెడతానని మాటిచ్చాను. తేదీలన్నీ నా నోటుపుస్తకాల్లో ఉన్నాయి గానీ ఎస్తేరు వద్దంది. తేదీలు పెడితే జనం కేలండరనుకుని గోడకి తగిలిస్తారట. కాబట్టి తేదీలు లేవు. మిగతా లెక్కలన్నీ సరైనవి.

అప్పట్లో మేం ఇదే ఊళ్ళో పజుండౌంగ్ అనే పేటలో కాలువ పక్క సందులో ఉండేవాళ్ళం. నాన్న అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా. ఓడలోకి బస్తా వెళ్తుంటే పుస్తకంలో గీత పెట్టడం ఆయన పని. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. ఇంటికొచ్చాక కూడా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. అన్నం తింటూ ముద్దలు లెక్కపెట్టేవాడు, ప్రార్థన చేస్తూ ఆమెన్‌లు లెక్కపెట్టేవాడు. ఆ రోగం నాకు అంటుకుంది. మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, శ్రీకాకుళం పక్కనించి పడవెక్కి బర్మా వచ్చినప్పుడు తెచ్చుకున్న అలవాటు ఒక్కటీ వదల్లేదు. అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని కాల్చడాన్నే అడ్డపొగ అంటారు. అక్కడి సన్న చుట్టలకైతే సరేగానీ, ఇక్కడి బర్మా చుట్ట బొటనవేలంత లావు. అది నోట్లో పెట్టుకుంటే మామ్మ బుగ్గలు రెండూ పొంగేవి. ఆ నోటితోనే తిట్టేది, ఆ నోటితోనే ప్రార్థన చేసేది. ప్రార్థన మధ్యలో ముక్కులోంచి పొగ వస్తుంటే, మా ఇంట్లో ప్రార్థనలు పైకి వెళ్ళడం నేను కళ్ళారా చూస్తున్నాననుకునేదాన్ని.

పొద్దున్నే ఇల్లంతా మూడు వాసనలు. ఒకటి పక్కింటి ఎండు చేపల ముద్ద, రెండోది మామ్మ చుట్ట, మూడోది తనకా. తనకా అంటే ఇక్కడి వాళ్ళు మొహానికి రాసుకునే చెట్టు బెరడు గంధం. గుండ్రటి రాయి మీద నీళ్ళు చిలకరించి అరగదీస్తే పసుపూ తెలుపూ కలిసిన ముద్ద వస్తుంది. అమ్మ అది నా రెండు బుగ్గలకీ పట్టించేది. బర్మా పిల్లల బుగ్గల మీద అది పువ్వులా ఉండేది. నా మీద వంకాయకి సున్నం వేసినట్టుండేది. మా ఇంట్లో అందరం నలుపే, అందులో నేను మొదటిదాన్ని. సందు మొదట్లో పిల్లలు "కలామా" అని అరిచేవాళ్ళు. ఈ ఊళ్ళో మా రంగు ఆడవాళ్ళని పిలిచే మాట అది. పిలిచే వాడి మొహం చూస్తే తప్ప పిలుపో తిట్టో తెలిసేది కాదు. పిల్లల మొహాలు చూస్తే మాత్రం వెంటనే తెలిసేది.

అందుకని అమ్మ ప్రతి శనివారం నాకు సున్నిపిండి పెట్టి రుద్దేది. తెల్లబడితే పెళ్ళవుతుందని ఆవిడ ఆశ. నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. రుద్దడం అయ్యాక ముంజేతి పక్కన ఒక చింతపిక్క పెట్టి చూసి, శనివారానికొక గీత పెట్టి, ఎదురుగా తేడా రాసేదాన్ని. "తేడా లేదు." "తేడా లేదు." నూట పన్నెండు శనివారాలు అలా రాశాక ఒకసారి "కొంచెం తేడా" అని రాశాను. తర్వాత చూస్తే చింతపిక్క మారిపోయింది. మామ్మ పాతది పారేసి కొత్తది పెట్టింది. అడిగితే, "దానికీ ముసిలితనం రాదేటి? ఒగ్గేయే గుంటా. ఆ పిక్క నీకు పోలికైనందుకు అది సంతోషించాల" అంది.

చర్చిలో సంగతి వేరు. అక్కడ దాదాపు అందరం ఒకే రంగు. అయితే అక్కడ గోడ మీద ఒక పటం ఉండేది. పూర్వం దొరలు వదిలి వెళ్ళిన పటం. అందులో బాలయేసు దగ్గరికి వచ్చిన ముగ్గురు రాజుల్లో ఒకాయన తెలుపు, ఒకాయన పసుపు, ఒకాయన నలుపు. నాటకం ఆ పటంలో ఉన్నట్టే ఉండాలని సంఘం నియమం. అరవై నాలుగు మంది నల్లవాళ్ళున్న చర్చిలో తెల్ల రాజుని ఎక్కడ తెస్తారు? అందుకని తెల్ల రాజుకి తనకా మందంగా పూసేవాళ్ళు. పసుపు రాజుకి తనకాలో పసుపు కలిపేవాళ్ళు. నల్ల రాజుకి ఏమీ పూయక్కర్లేదు. అక్కడే వచ్చింది చిక్కు. ఏమీ పూసుకోకుండా, ఉన్నది ఉన్నట్టుగా జనం ముందుకి వెళ్ళడానికి ఒక్క మగపిల్లాడూ ఒప్పుకునేవాడు కాదు.

ఆ రోజుల్లోనే సర్కారు లాక్కోవడంతో మన వాళ్ళు సగం మంది కొట్లూ కొలువులూ పోయి ఓడలెక్కి స్వదేశం వెళ్ళిపోయారు. సండే స్కూల్లో మగపిల్లలు నలుగురు మిగిలారు. ఇద్దరు రాజులకీ, యోసేపుకీ, గొల్లవాడికీ సరిపోయారు. మూడో రాజు లేడు. నాటకం వేయించే అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, ఆడపిల్లల వైపు చూసింది. పొడుగు ఎవరు? నేను. నలుపు ఎవరు? మళ్ళీ నేనే. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. నాన్న రేవుకి వేసుకెళ్ళే కోటు నాకు తొడిగారు. కిటికీ తెర భుజాల మీద కప్పారు. పాలడబ్బా రేకుతో కిరీటం. కొబ్బరి పీచుతో మీసం చేసి అన్నం మెతుకులతో అంటించారు. చేతిలో కానుక పెట్టె. ఆ పెట్టె మామ్మ చుట్టలది, కాబట్టి మా నాటకంలో రాజు తెచ్చే బోళం అనే సుగంధం పొగాకు వాసన వేసేది.

తలుపు నించి పశువుల తొట్టి దాకా పదకొండు అడుగులు. ఆ పదకొండు అడుగులూ నేను కాళ్ళు ఎడంగా వేసి, ఛాతీ ముందుకి పెట్టి నడిచాను. ఇంట్లో అలా నడిస్తే అమ్మ "అదేటా నడక, దున్నపోతులాగ" అనేది. ఇక్కడ చర్చి అంతా నోరు మూసుకుని చూస్తోంది. నా నలుపు చూసి ఎవరూ నవ్వలేదు. నలుపు లేకపోతే అసలు నాటకమే లేదు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. తొట్టి పక్కన మరియ వేషంలో ఎస్తేరు కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న తెలుగాయన, అమ్మ ఇక్కడి కరెన్ తెగ ఆవిడ, తెల్లటి మనిషి. అమ్మ రంగు రావడం వల్ల ఏటేటా మరియ వేషం దానిదే. నాకంటే ఏడాది చిన్నది. నేను మోకాళ్ళ మీద కూర్చుని కానుక పెట్టి, తలెత్తి దాని మొహం చూశాను. బిడ్డని చూడాలని అమ్మగారు పదిసార్లు నేర్పించింది. నేను బిడ్డని చూడలేదు. దేవదూతలు పాట అయిపోయిందని మళ్ళీ మొదట్నించీ ఎత్తుకున్నారు. ఎస్తేరు పెదాలు కదపకుండా, "ఏటి రాజా, ఇక్కడే ఇల్లు కట్టుకుంటావా? లెగు. నీ మీసం మీద చీమలున్నాయి" అంది. నిజమే, మెతుకులకి పట్టాయి. నాలుగు.

మూడేళ్ళు నేనే రాజుని. ఎస్తేరు మీద నాకున్న ఇష్టానికి అప్పుడు పేరు తెలియదు. పేరు లేకపోయినా అది ఉందని తెలుసు. మిగతా ఆడపిల్లలు పెళ్ళిళ్ళ కబుర్లు చెప్పుకుంటుంటే నాకు ఆ కథల్లో నిలబడే చోటే కనిపించేది కాదు. ఏడాదికొకసారి కోటు తొడుక్కుని పదకొండు అడుగులు నడిచినప్పుడు మాత్రం, నలుపూ, నడకా, దేవుడూ, ఎస్తేరూ, అన్నీ ఒక్కచోట ఉండేవి. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ వాటిని విడివిడిగా మోసేదాన్ని.

నాలుగో ఏడు సంఘపెద్ద యోహానుగారు అడ్డం పడ్డారు. ఆయన ఇస్త్రీ కోటు, కిర్రు చెప్పుల మనిషి. పదిహేనేళ్ళ ఆడపిల్లకి మీసమేమిటన్నారు. ఆ ఏడు బర్మా చర్చి నించీ కరెన్ చర్చి నించీ అతిథులు వస్తున్నారు, మన పరువు ఏమవుతుందన్నారు. రాజు వేషం వాళ్ళబ్బాయి దావీదుకి ఇచ్చారు. దావీదు నా రంగే. నాకు అనుమానం లేదు, చింతపిక్కతో చూశాను. కానీ తన కొడుకు చామనచాయ అని యోహానుగారి పట్టు. ఊరికే పంపితే నిజంగానే నల్లవాడనుకుంటారు కాబట్టి, ఇది వేషమని అందరికీ తెలిసేలా మసి పూయాలన్నారు. నాకు ఒంటె వేషం ఇచ్చారు. బియ్యం గోనెసంచికి రెండు కన్నాలు చేసి, అది కప్పుకుని నాలుగు కాళ్ళ మీద రాజు వెనకాల పాకాలి.

నాటకం నాటి పొద్దున్న మామ్మ తనకా అరగదీస్తోంది. పక్కన కూర్చుని చెప్పేశాను. "మామ్మా, ఈ ఒంటె వేషం అయిపోయాక నేనింక చర్చికి రాను. ఇదే ఆఖరు."

"మరెక్కడికెల్తావు?"

"ఎక్కడికీ వెళ్ళను."

"ఈదిలోకెల్తే కలామా అంటారు. ఇంట్లో ఉంటే మీయమ్మ సున్నిపిండి అట్టుకుని తిరుగుతాది. ఎక్కడుంటావు మరి? లెక్కలదానివి కదా, లెక్కెట్టి సెప్పు."

లెక్కపెట్టాను. సున్నా వచ్చింది. ఏడుపొచ్చింది. మామ్మ చుట్ట నోట్లోనే అటు తిప్పి ఇటు తిప్పి, "ముందు మోకాళ్ళకి గుడ్డలు సుట్టుకో. గచ్చు గరుగ్గుంటాది. ఏడిస్తే ఏడు గానీ తోలూడగొట్టుకోకు" అంది.

సాయంత్రం నాలుగింటికి నాటకం. రేకుల కప్పు కింద నూట నలభై మంది. నేను సంచిలో ఉన్నాను, తవుడు వాసనకి తుమ్ములు. ముందు దావీదు నడుస్తున్నాడు. మసిలో కొబ్బరినూనె కలిపి దట్టంగా పట్టించారు వాళ్ళ నాన్న. మూడో అడుగు దగ్గర చెమట మొదలైంది. ఐదో అడుగుకి నుదుటి మీంచి నల్లటి ధారలు. ఏడో అడుగుకి భుజాల మీది తెరతో మొహం తుడుచుకున్నాడు. తుడిచిన చోటా తుడవని చోటా ఒకే రంగుంది, అది నేను సంచి కన్నంలోంచి చూశాను, మరి నూట నలభై మందీ చూసే ఉంటారు. తొట్టి దగ్గర వంగేసరికి ఒక పెద్ద బొట్టు టపీమని బాలయేసు ముక్కు మీద పడింది. బాలయేసు అంటే గులాబీ రంగు ప్లాస్టిక్ బొమ్మ. ఎస్తేరు గాభరాపడి ముసుగు కొసతో తుడిచింది. నూనె మసి తుడిస్తే పోదు, పాకుతుంది. ఎంత తుడిస్తే అంత పాకింది. చూస్తుండగానే బొమ్మ మొహం, చెవులు, గుండు, అన్నీ నిగనిగలాడే నలుపైపోయాయి.

అప్పుడు బెంచీల్లోంచి మామ్మ గొంతు వినిపించింది. "ఓలమ్మా, ఇప్పుడు మన పిల్లడిలాగున్నాడే!"

ముందు కరెన్ ముసలావిడ ఎవరో నవ్వింది. తర్వాత అందరూ. యోహానుగారు లేచి, "ప్రభువుని నల్లగా చేసి నవ్వుతారేటి!" అని అరిచారు. మామ్మ కూడా లేచింది. చుట్ట చేతిలోకి తీసుకుంది. అది నోట్లోంచి తీసిందంటే మాట చిన్నది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. "సేసింది నీ కొడుకేరా అప్పన్నా. ఉన్న నలుపు సాల్లేదేటి ఆడికి? నువ్వు బాప్తిస్మమై యోహానువి కాకముందు మీయమ్మకి పాల్లేకపోతే, నాను ఉగ్గెట్టి పెంచినాను నిన్ను. అప్పుడు నీకెవులూ మసి పుయ్యలేదురా. అయినా ఇలాగే ఉండేవోడివి. ముద్దుగుండేవోడివి." యోహానుగారు కూర్చున్నారు. ఇంతలో దావీదు కళ్ళలోకి మసి దిగి, "నాన్నా, మంట! మంట!" అంటూ కిరీటం అక్కడే పడేసి నీళ్ళ కుండ వైపు పరిగెత్తాడు. రాజు లేడు. ఒంటె మాత్రం మిగిలింది.

ఎస్తేరు నల్ల బొమ్మని ఒళ్ళో పెట్టుకుని నా సంచి వైపు చూసింది. "ఒంటే, లెగు. మీ రాజు పారిపోయాడు. బిడ్డ ఎదురుచూస్తున్నాడు, నువ్వే రా" అంది, అందరికీ వినిపించేలా. నేను లేచి సంచి తీసేశాను. కోటు లేదు, మీసం లేదు. రెండు జడలు, మోకాళ్ళకి గుడ్డ పీలికలు, జుట్టు నిండా తవుడు. మామూలుగా నడిచి వెళ్ళవచ్చు, తొట్టి రెండు అడుగుల దూరమే. నేను వెనక్కి, తలుపు దాకా వెళ్ళాను. అక్కణ్ణించి పదకొండు అడుగులూ కాళ్ళు ఎడంగా వేసి, ఛాతీ ముందుకి పెట్టి, నాలాగే నడిచాను. కానుక పెట్టె దావీదు పట్టుకుపోయాడు. ఇవ్వడానికేమీ లేక ఒక తుమ్ము తుమ్మాను. ఎస్తేరు "దేవుడు దీవించునుగాక" అంది. చప్పట్లు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. నా జీవితంలో లెక్కపెట్టనివి తక్కువ, అందులో అవి ఉన్నాయి.

మర్నాడు యోహానుగారు పాస్టరుగారికి ఫిర్యాదు చేశారు. పాస్టరుగారికి చెవులు సరిగా వినపడవు. "అవునవును, ఒంటె చాలా బాగా చేసింది. వచ్చే ఏడు రాజు వేషం కూడా ఆ పిల్లకే ఇవ్వండి" అన్నారట. అలా ఆ వేషం ఆడపిల్లలకి స్థిరపడింది. వాక్యం కోసం వెతికిన మార్తాకి ఇదే జవాబు.

ఆ సాయంత్రం నాటకం అయ్యాక ఇంటికి నడుస్తూ మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్లని సూసినట్టు నువ్వెవుల్నీ సూడవు" అంది. నేను అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "నోట్లో పొగుంది గానీ కళ్ళల్లో లేదే. మీ నాన్నకి నాను సెప్తాను, నీ పెళ్ళిమాట బేగి ఎత్తొద్దని. ఆ ఎస్తేరుకి వంటొచ్చా?"

"రాదు."

"నీకూ రాదు. ఇద్దరూ ఏటి తిని బతుకుతారే?" ఆవిడకి నా గురించి ఉన్న బెంగ అదొక్కటే. నాన్నకి ఏం చెప్పిందో తెలియదు గానీ సంబంధాలు రావడం నెమ్మదించింది, తర్వాత ఆగిపోయింది. ఎస్తేరుకి ఇప్పటికీ వంట రాదు. గరిటె పట్టుకోవడం మాత్రం వచ్చు.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందంటే, ఇప్పుడు నల్ల రాజు వేషానికి ఏడుగురు ఏడుస్తున్నారు. "కలామా" అనే మాట పోలేదు, బస్సులో మొన్న కూడా విన్నాను. సంఘంలో మా గురించి ఎదురుగా మాట అన్నవాళ్ళు ఈ నలభై ఆరేళ్ళలో ముగ్గురు. మా కోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేసినావిడ ఒకరు. ఆవిడ మూడు రోజుల తర్వాత కళ్ళు తిరిగి పడిపోతే గంజి కాచి పోసింది ఎస్తేరే. ఆ గంజి తాగాక ఆవిడ ప్రార్థన మానేసింది. మిగతావాళ్ళు మమ్మల్ని "ఇద్దరాంటీలు" అంటారు, అంతకు మించి ఏమీ అనరు. పేరు పెట్టకుండా చోటివ్వడం మా వాళ్ళ పద్ధతి. చిన్నప్పుడు నాకది చాలనిపించేది. ఈ మధ్య అంతగా చాలడం లేదు.

మా చర్చిలో ఆడవాళ్ళు ఎడమ వైపు, మగవాళ్ళు కుడి వైపు కూర్చోవాలి. తాతల నాటి కట్టడి. పెళ్ళైన ప్రతి జంటా ఆదివారం గుమ్మం దగ్గర విడిపోయేది. నేనూ ఎస్తేరూ మాత్రం ఎడమ వైపు మూడో బెంచీ మీద, ఒకే పాటల పుస్తకం పట్టుకుని, ఇన్నేళ్ళూ పక్కపక్కనే కూర్చున్నాం. ఆ మాట నేనొకసారి అంటే ఎస్తేరు ప్రసంగం మధ్యలో నవ్వాపుకోలేక బయటికి వెళ్ళింది. ఈ ఏడు వచ్చిన కుర్ర పాస్టరుగారు ఆ కట్టడి తీసేశారు, భార్యాభర్తలు కలిసి కూర్చోవచ్చన్నారు. మొదటి ఆదివారం ఫ్యాను కోసం తగువు, పుస్తకం కోసం తగువు, గురక పెట్టాడని తగువు. రెండో ఆదివారానికి పదమూడు మంది భార్యలు తిరిగి ఎడమ వైపుకి వచ్చేశారు. పాస్టరుగారు మా బెంచీ దగ్గరికొచ్చి తల గోక్కుంటూ, "ఆంటీ, దంపతుల కూటం పెడుతున్నాను. పక్కపక్కన ఎలా కూర్చోవాలో మీరిద్దరూ వచ్చి చెప్పాలి" అన్నారు. "మొదట ఈవిడ మోచేతులు కోసెయ్యాలి" అంది ఎస్తేరు.

వెళ్ళాం. ఎస్తేరు మాట్లాడింది, నేను దాని తప్పులు దిద్దాను. వచ్చినవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. చివర పాస్టరుగారు కూటం పుస్తకంలో "హాజరు: మాతో కలిపి ఇరవై రెండు జంటలు" అని రాసి, ఎప్పటిలాగే సరిచూడమని నాకిచ్చారు. లేచి నిలబడి తలలు లెక్కపెట్టాను. పాస్టరుగారినీ వాళ్ళావిడనీ, నన్నూ ఎస్తేరునీ కలుపుకుని నలభై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఆరే. ఆయన జేబులోంచి కలం తీసుకుని, ఇరవై రెండు కొట్టేసి ఇరవై మూడు అని రాసి, పుస్తకం తిరిగి ఆయన చేతిలో పెట్టాను. ఆయన అంకె చూశారు. నన్ను చూశారు. ఎస్తేరుని చూశారు. గదిలో ఎవరో దగ్గారు.

"అవునాంటీ, నాదే పొరపాటు" అన్నారు పాస్టరుగారు. కలం తీసుకుని, దిద్దుబాటు పక్కన తన సంతకం పెట్టారు.